మా వసతిగృహపు లారీ యింజను మార్చుట

మన పాఠశాల వసతిగృహమునకు మిల్లునుండి బియ్యమును, అడితినుండి వంటచెఱకును, వేసవిలో కాలువ రేవునుండి పీపాలతో త్రాగునీటిని దెచ్చుచుండిన పాత లారీని నేటి విద్యార్థులు చూచియుండరు. వారి తలిదండ్రులలో పలువు రెఱుగుదురు. ముక్కు ముందుకు పొడుచుకొని వచ్చిన టాటా లారీ యది. మేము పదియవ తరగతి ముగించిన 1998వ సంవత్సరపు వేసవిలో దాని యింజనును దింపి వేఱొక యింజనును పెట్టిరి. ఆ పనిలో పాలుగొన్న యెనిమిదిమందిమి కలిసి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. అది యెట్లు జరిగినదని పిల్లలు మమ్ము పలుమాఱు లడుగుచుందురు. అడిగినవారికి ముక్కలు ముక్కలుగా చెప్పుటయే గాని మొదటినుండి చెప్పుటకు మాకు తీఱిక చిక్కలేదు.

ఆ యేడు మార్చి నెలలో రేడియేటరునుండి యింజనునకు పోవు రబ్బరు పైపు ముదిరి దారిలో చీలిపోయెను. నీరంతయు కాఱిపోయెను. డ్రైవరు చూచి యాపునంతలోనే యింజను కాగి బిగిసిపోయెను. విప్పి చూడగా మూడవ సిలిండరునకును నాలుగవ సిలిండరునకును నడుమ బ్లాకు నిలువున బీటవాఱి యుండెను. అడుగున చాంబరులోని నూనె నీటితో కలిసి మజ్జిగవలె తెల్లనై యుండెను. హెడ్డు పగిలినయెడల మార్చవచ్చును, పిస్టనులు మార్చవచ్చును. బ్లాకు పగిలిన యింజనునకు అతుకు వేసి బియ్యపు బస్తాలు మోయించుట తెలివిగల పని కాదని చూచినవా రెల్లరు చెప్పిరి.

లారీ నిలిచిపోగా అద్దె లారీ వచ్చెను. దాని కిరాయి యెక్కడనుండి తేవలయును? వసతిగృహపు పద్దులలో కొంచెము వదులుగా నున్నది పెరుగు పద్దొక్కటే. కావున సెలవుల వఱకు వారమునకు మూడు దినములు పెరుగు మానివేసిరి. ఎండకాలమున మజ్జిగ లేని యన్నము తిని చిన్నపిల్లలు లేచిపోవుచుండుట చూడలేక వార్డెను గారు భోజనవేళ వంటయింటి వైపే యుండిపోవుచుండిరి. జూను నెలలో పాఠశాల తెఱచునాటికి లారీ నడువకున్నచో దానిని పాత యినుము క్రింద అమ్మివేయుదుమని కమిటీవారు తీర్మానించిరి. క్రొత్త యింజను వెల విన్నపిమ్మట ఆ మాట మరల నెవరును ఎత్తలేదు. మిగిలిన త్రోవ యొక్కటే: పాతదే యైనను మంచి యింజనును కొని, సాధ్యమైనంతవఱకు కూలి లేకుండ మార్చుకొనుట.

కమ్మరము, వడ్రంగము నేర్పు మా చేతిపనుల మాస్టారు గారు ఈ పనికి పూచీపడిరి. విజయవాడ ఆటోనగరులో చిరకాలము లారీలు విప్పి బిగించిన వృద్ధ మేస్త్రీ గారు వారికి పరిచితులు. ఆయన వచ్చి లారీని చుట్టి చూచి, "మాస్టారూ, నా కన్నులు బాగుగానే యున్నవి, చేతులే పట్టు తప్పినవి. కన్నులు నేను తెచ్చెదను, చేతులు మీరు తెండు" అనిరి. ఆ చేతులు మావి.

ఇంజను కొనుట యెంత కష్టమో మే మనుకొనలేదు. ఆటోనగరులోని యొక కొట్టులో చూపిన యింజను మిక్కిలి చౌక. పైకి శుభ్రముగానే యుండెను. మేస్త్రీ గారు బ్లాకు ప్రక్కను వ్రేలితో తడవి మాస్టారు గారి వైపు చూచిరి. సంఖ్య యుండవలసిన చోట ఆకురాయితో అరగదీసిన నున్నని మచ్చ యున్నది! ప్రతి యింజను మీదను ఒక సంఖ్య అచ్చుకొట్టి యుండును. ఆ సంఖ్యయే బండి రిజిస్ట్రేషను పత్రములో నుండును. బండిలో ముఖ్యమైన మార్పు చేసినచో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలయునని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము చెప్పుచున్నది. సంఖ్య లేని యింజను ఎవరి యింట పోయినదో యెవరికి తెలియును? ప్రధానోపాధ్యాయులు గారు దాని వెల యెంతయని కూడ అడుగలేదు. మఱి రెండు దినములు తిరిగిన పిదప, వెనుక భాగము నలిగి తుక్కునకు వచ్చిన లారీయొక్క యింజను పత్రములతో సహా దొరకెను. చౌకగా వచ్చుదానికంటె దీనికి చాల హెచ్చు పెట్టవలసివచ్చెను. పెరుగు మానిన దినములు జ్ఞప్తికి వచ్చి మాలో కొందఱకు ఆ హెచ్చు సొమ్ము కడుపులో మండెను. ఇప్పుడు మాకును పిల్లలున్నారు; ఇప్పటి లెక్క వేఱు.

రెండు ఇంజనులును ఒకే జాతివి, 697 అను పేరు గలవి. ఆ పేరులోనే వాని కొలత దాగియున్నదని మాస్టారు గారు చెప్పిరి. మొదటి అంకె సిలిండరుల సంఖ్య. తక్కిన రెండంకెలు సిలిండరు లోపలి వ్యాసము, మిల్లిమీటర్లలో. అనగా ఆఱు సిలిండరులు, 97 మిల్లిమీటర్లు. పిస్టను క్రిందికి పైకి నడచు దూరము 128 మిల్లిమీటర్లు. వర్తులస్తంభముయొక్క ఘనపరిమాణము కట్టు సూత్రము అప్పటికి మాకు పరీక్షలో వ్రాసి మఱచుటకు పనికివచ్చునది మాత్రమే. ఆ దినమున చెట్టు నీడను సుద్దముక్కతో సిమెంటు గట్టు మీద లెక్క కట్టగా ఒక్కొక్క సిలిండరునకు 946 ఘన సెంటీమీటర్ల చొప్పున ఆఱింటికి 5,675 ఘన సెంటీమీటర్లు వచ్చెను. మేస్త్రీ గారు చదువుకొనినవారు కారు. అయినను సంఖ్య వినినతోడనే తల యూపిరి. ఈ యింజనుల పుట్టుపూర్వోత్తరములును ఆయన చెప్పిరి: 1954లో టాటా వారు జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి వారితో పదునైదేండ్లకు ఒడంబడిక చేసికొని లారీలు చేయసాగిరి, 1969లో ఆ గడువు తీఱగా లారీ ముక్కు మీది నక్షత్రము పోయి టాటా వారి గుర్తు వచ్చినది. ఇంజను లోపలి తీరులో మాత్రము జర్మనీవారి చేయి చాలకాలము కనబడుచుండినదట.

ఇంజను దించుట యనగా నెత్తుట యని మేము తలచియుంటిమి. ఎత్తుటకు పట్టినది ఒక పూట. విప్పుటకు పట్టినది నాలుగు దినములు. మొదట చక్రములకు ముందు వెనుకల రాళ్లును దుంగలును అడ్డము పెట్టించిరి. ఈ లారీ బ్రేకులకు గాలి యాధారము. గాలి టాంకీని ఖాళీ చేసిన పిదప బ్రేకును నమ్మరాదు. తరువాత బ్యాటరీ. అందు మొదట ఛాసిస్‌కు తగిలించిన భూమి తీగను విప్పవలయును. రెండవ తీగను ముందుగా విప్పబోయి పానా కొన యినుమునకు తగిలెనేని నిప్పురవ్వ లేచును. బ్యాటరీనుండి వెలువడు వాయువు మండునది. పిదప నీరును నూనెయును వంపి, బానెట్టు, ముందరి జాలి, రేడియేటరు, పంకా తీసితిమి. డీజిలు గొట్టములు విప్పినచోటనెల్ల శుభ్రమైన గుడ్డ చుట్టిన కొయ్య బిరడాలు బిగించితిమి. పంపులోనికి పోయిన ఒక్క యిసుక రేణువు చేయు చెఱుపు సుత్తి దెబ్బకంటె నెక్కువ యని మేస్త్రీ గారి మాట. సైలెన్సరు గొట్టపు నట్లు త్రుప్పుతో కఱచుకొనిపోయి యుండెను. వానిని బలముతో త్రిప్పబోగా మేస్త్రీ గారు చేయి పట్టుకొని యాపి, కిరసనాయిలు పోసి రాత్రియంతయు విడువుడనిరి. మఱునాడు నాలుగింట మూడు మెత్తగా వచ్చినవి. నాలుగవది రాలేదు, దానిని ఉలితో చీల్చితిమి.

విప్పిన బోల్టుల మాట. మేము ప్రతిదానికి చీటీ కట్టుదుమంటిమి. కాగితము నూనె త్రాగిన తరువాత అక్షరము చెప్పదని ఆయన నవ్విరి. ఆయన పద్ధతి సులువైనది: భాగమును తీసిన పిదప బోల్టును అది యుండిన రంధ్రములోనే రెండు చుట్లు త్రిప్పి యుంచుట. అప్పుడు వెదకుట యుండదు, పొడుగు పొట్టి తారుమా రగుట యుండదు. మాలో నిద్దఱిప్పుడు ఇంజనీర్లు, ఒకరు వస్త్రవ్యాపారి. ముగ్గురును ఇంటిలోని మంచము విప్పినను ఇట్లే చేయుదురు.

అటుపిమ్మట గేరుబాక్సు. ఈ పనికంతకు గుండెకాయ యిదియే గనుక కొంచెము వివరముగా వ్రాయుదుము. ఇంజనును గేరుబాక్సుతో కలిపి యొకే ముద్దగా తీయవచ్చును. లేక గేరుబాక్సును ముందుగా వెనుకకు జరిపి దింపి, తరువాత ఇంజనును మాత్రమే ఎత్తవచ్చును. కలిపి తీయుటలో నడుమ విప్పుట తప్పును. కాని యింజనే నాలుగు వందల కిలోగ్రాములకు పైబడిన బరువు; గేరుబాక్సు మఱి నూఱు కిలోగ్రాములకు మించినది. రెండును కలిసిన ముద్ద పొడుగై, తోక బరువై, గాలిలో వాలిపోవుచు క్యాబిను అడుగును కొట్టుకొనును. పెద్ద క్రేను గలవారికి అది చెల్లును. మాకున్నది మాస్టారు గారు అరువు తెచ్చిన రెండు టన్నుల చైను కప్పీ. కావున విడదీయుటకే నిశ్చయించిరి. మా తలంపున నేటికిని అదియే మేలు.

గేరుబాక్సు ముందుభాగమునుండి గాడులు గల షాఫ్టు పొడుచుకొని వచ్చియుండును. అది క్లచ్చి ప్లేటు నడిబొడ్డులోని గాడులలో దూఱి, దాని కొన ఫ్లైవీలు నడుమనున్న చిన్న బేరింగులో కూర్చుండును. డ్రైవరు క్లచ్చి త్రొక్కినప్పుడు ప్లేటు విడివడి ఇంజను వేఱుగను గేరులు వేఱుగను తిరుగుట ఈ యమరికవలననే. చుట్టునుండు బోల్టులన్నియు తీసిన తరువాత గేరుబాక్సును తిన్నగా వెనుకకు లాగవలయును. ఆ క్షణమున దాని బరువు షాఫ్టు మీద వ్రేలాడెనా, ప్లేటు వంగును, షాఫ్టు చెడును. అందుచే ముందుగా వెనుక చక్రములకు శక్తిని గొనిపోవు పొడుగాటి షాఫ్టును విప్పితిమి. విప్పకముందు రెండు అంచుల మీదను ఉలితో గుర్తు పెట్టించిరి, మరల అదే ముఖముతో కలుపుటకు. క్యాబిను నేల పలకలు తీసి, పైనుండి అడ్డదూలమునకు గొలుసు కట్టి, క్రిందనుండి జాకీ మీద కొయ్యదిమ్మ పెట్టి, పెట్టెను పైని క్రిందను పట్టి యుంచితిమి. నలుగురము లారీ క్రింద పరుండి తలకొక మూల పట్టితిమి. "లాగవద్దు, నాయనలారా, వెనుకకు నడిపింపుడు" అని మేస్త్రీ గారు నేల మీద చెవి యానించి శబ్దము వినుచు చెప్పుచుండిరి. జానెడు దూరము వచ్చినపిదప షాఫ్టు కొన వెలికివచ్చెను. దానిని దింపి గోనెసంచుల మీద పెట్టునప్పటికి మాకు చెమటతో కన్నులు కనబడలేదు.

మఱునాడు ఇంజను నెత్తవలసి యుండగా ఉదయమే మాలో నొకని తండ్రి గారు పొలమునుండి తిన్నగా వచ్చిరి. ఆయన కోపముతో వచ్చిరి. "చదివించుటకు పంపితిని గాని పానా పట్టించుటకు కాదు. అంత బరువు క్రింద నా పిల్లవానిని నిలువబెట్టుదురా?" అని మాస్టారు గారి నడిగిరి. ఆ ప్రశ్నలో రెండవ సగము న్యాయమైనది. మాస్టారు గారు వాదింపలేదు, వ్రేలాడు బరువు క్రిందను దాని చేరువను ఎవరును నిలువరాదని తాము పెట్టిన కట్టడిని చెప్పి, "అయ్యా, మీరే నిలిచి చూడుడు. మీ మనస్సునకు సరిపడనిచో పిల్లవానిని తీసికొనిపొండు" అనిరి. వేపచెట్టు కొమ్మకు కప్పీ కట్టవచ్చునని అంతకుముందు మా డ్రైవరు సలహా చెప్పియుండెను. వేపకొమ్మ చెప్పకుండ విఱుగునని మాస్టారు గారు మూడు ఇనుపగొట్టములతో ముక్కాలి నిలిపియుండిరి. రైతు దాని చుట్టు తిరిగి కాళ్ల వద్ద మట్టిని మడమతో త్రొక్కి చూచిరి. ఆయన తన పొలములో బోరు గొట్టములు పైకి లాగినవారు. మా యావరణములోని నల్లమట్టి పైకి గట్టిగానున్నను లోపల మెత్తన. బరువు పడగానే కాళ్లు దిగి బయటికి జాఱునని చెప్పి, ఒక్కొక్క కాలికి గుంట త్రవ్వించి, పలకలు పఱపించి, మూడు కాళ్లను క్రిందుగా గొలుసుతో ఒకదానితో నొకటి బంధించిరి. కొడుకును తీసికొనిపోవుమాట మరల రాలేదు. సాయంకాలమువఱకు కప్పీ గొలుసు వారి చేతిలోనే యుండెను.

ఎత్తుటకు ముందు మేస్త్రీ గారు మమ్ము వరుసగా నిలిపి, "ఇంకను ఒకటి యింజనును లారీకి కట్టియుంచినది. నేను చెప్పను. కనుగొనుడు" అనిరి. పావుగంట వెదకితిమి. గొట్టములు లేవు, తీగలు లేవు, కమ్మీలు లేవు. మాలో పొట్టివాడు సెల్ఫు మోటారు ప్రక్కను చేయి దూర్చి, నూనెమట్టిలో కూరుకొనిపోయిన అల్లిక రాగిపట్టీని పట్టుకొనెను. ఇంజనునుండి ఛాసిస్‌కు విద్యుత్తు పోవుటకు ఏర్పఱచిన పట్టీ యది. అది యుండగా ఎత్తినయెడల ఇంజను ఒక ప్రక్కకు లాగబడి ఊగియుండెడిది.

ఇంజనును దాని పీటలకు బిగించిన బోల్టులను అన్నిటికంటె కడపట తీసితిమి. చైను కప్పీలో చేతిగొలుసు చాల లాగినగాని బరువు అంగుళము లేవదు. ఆ నిదానమువలననే పదునైదేండ్ల పిల్లవాడును నాలుగు వందల కిలోగ్రాముల నెత్తగలుగును. చేయి విడిచినను లోపలి బ్రేకు బరువును జాఱనీయదు. అంగుళము లేవగానే ఆపి చుట్టును చూచితిమి. మరల అంగుళము, మరల చూపు. పూర్తిగా లేచిన తరువాత మేమనుకొనినట్లు ఇంజనును జరుపలేదు. వ్రేలాడుదానిని త్రోయరాదు. చక్రముల క్రింది రాళ్లు తీసి లారీనే వెనుకకు త్రోసితిమి. ఇంజను ఉన్నచోటనే నిలిచెను. లారీ దానినుండి వెడలిపోయెను. ఆ దృశ్యమునకు వంటవారును తోటమాలియు కూడ చప్పట్లు కొట్టిరి.

క్రొత్తగా తెచ్చిన యింజనును ప్రక్కను పెట్టి పోల్చిచూచుట, పనికివచ్చు సామానును పాతదానినుండి దీనికి మార్చుట, రబ్బరు పైపులన్నియు క్రొత్తవి వేయుట మొదలగు పనులు మూడు దినములు జరిగెను. అందు చెప్పదగినది తక్కువ. గేరుబాక్సు బయట నున్నప్పుడే క్లచ్చి ప్లేటును, ఫ్లైవీలు నడుమ బేరింగును మార్చవలయునని మేస్త్రీ గారు పట్టుపట్టిరి. వాని వెల కొంచెము. వానికొఱకు మరల పెట్టె దింపవలసివచ్చినచో శ్రమ యంతయు మరల వచ్చును. ప్లేటును బిగించునప్పుడు తుక్కు గేరుబాక్సునుండి తీసిన పాత షాఫ్టును దానిలో దూర్చి, నడుమకు సరిగా వచ్చిన తరువాతనే బోల్టులు ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించితిమి.

ఇంజను లోపలికి పోవుట తేలికగానే జరిగెను. గేరుబాక్సు మాత్రము మొండికెత్తెను. షాఫ్టు దూఱినది, నడిచినది, కడపట అర అంగుళము సందు మిగిలినది; ఎంత నెట్టినను కదలదు. మధ్యాహ్నపు టెండ. అందఱకును ఆకలి. రెండు పొడుగు బోల్టులు వేసి బిగించినచో అదే లోపలికి వచ్చునని డ్రైవరు చెప్పెను. మాకును అది చక్కని యుపాయముగనే తోచెను. మేస్త్రీ గారికి కోపము వచ్చుట ఆ యొక్కమాఱే చూచితిమి. "చేతితో కలియని ముఖములను బోల్టుతో కలుపరాదు. ఇది పోతయినుము, మూతి పగులును" అని, గేరు వేయించి, వెనుకనున్న అంచును రెండు చేతులతో మెల్లగా త్రిప్పసాగిరి. గేరు వేసియున్నందున వెనుక అంచు తిరిగిన ముందరి షాఫ్టు తిరుగును. దాని గాడులు ప్లేటు గాడులను వెదకికొనును. పట్టు తప్పినవని చెప్పుకొనిన ఆ చేతులు వ్రేలెడు త్రిప్పినవో లేదో, టక్కుమని చిన్న శబ్దమై పెట్టె తనంతట తాను వచ్చి ఇంజనునకు కూర్చుండెను. సందులోనికి కాగితము కూడ దూఱలేదు.

డీజిలు గొట్టములలో గాలి నిలిచియున్నచో ఇంజను పలుకదు. చేతి పంపుతో డీజిలును కొట్టుచు, మొదట ఫిల్టరు వద్దను, తరువాత పెద్ద పంపు వద్దను మఱను వదులుచేసి బుడగలు పోవువఱకు వంపి, కడపట ఇంజెక్టరుల నట్లు వదులుచేసి సెల్ఫు త్రిప్పితిమి. ఒక్కొక్క గొట్టము వద్దను నురుగు పోయి స్వచ్ఛమైన డీజిలు చిమ్మగా బిగించుచు వచ్చితిమి. మూడు సిలిండరులు పలికినవి, పిదప నాలుగు, పిదప ఆఱు. తెల్లని పొగ వంటయిల్లంత కప్పి తొలగెను. అందఱమును అఱచితిమి గాని మేస్త్రీ గారు క్యాబినులో నూనె ఒత్తిడి చూపు ముల్లునే చూచుచుండి, అది లేచి నిలిచిన తరువాత మంచినీళ్లు అడిగిరి.

రవాణా కార్యాలయములో అధికారి యింజను సంఖ్య మీద కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసికొని, కొన్న పత్రములతో సరిచూచి, రిజిస్ట్రేషను పత్రములో క్రొత్త సంఖ్యను వ్రాయించిరి. జూను నెలలో పాఠశాల తెఱచిరి. అద్దె లారీ రాలేదు. పెరుగు మొదటి దినముననే వచ్చెను. ఆ లారీ 2009 వఱకు వసతిగృహమునకు పనిచేసి అమ్ముడుపోయినది. పగిలిన బ్లాకు చేతిపనుల గది వెనుక నున్నది. తొమ్మిదవ తరగతివారు దానిలో స్కేలు పెట్టి వ్యాసము కొలుచుచుందురు, త్రుప్పువలన ఇప్పుడు 97 రాదు. ముక్కాలి గొట్టములలో రెండు వాలీబాలు ఆటస్థలములో వల కట్టు గుంజలైనవి. మూడవదానిని ఆ రైతు గారు అడిగి తీసికొనిపోయిరి.